రాధామనోహరానికి పోసిన పాలు

నాగులచవితి ఇంకో వారం ఉందనగా మా తమ్ముడు ఫోన్ చేశాడు. సొంత తమ్ముడు కాదు, మా బాబాయి కొడుకు. ఊళ్ళో కొబ్బరికాయల వ్యాపారం వాడిది. మా పాత ఇంటి పెరట్లో ఉన్న నాగమ్మ గుడి బాగోగులు కూడా వాడే చూసుకుంటాడు.

"అక్కా, ఈ ఏడు నువ్వు తప్పకుండా రావాలి. అమ్మ లేదు కదా, మొదటి పాలు ఎవరు పోస్తారని ఊళ్ళో అంతా అడుగుతున్నారు. నువ్వుండగా ఇంకొకరెందుకు? ఆ తల్లి కనబడింది నీకే కదా," అన్నాడు.

"మోకాళ్ళ నొప్పులురా," అన్నాను.

"కారు పంపిస్తాను."

"ఇక్కడ మనవరాలికి పరీక్షలు."

"పరీక్షలు రాసేది నువ్వు కాదు కదక్కా," అని నవ్వాడు. ఇంకేం చెప్పను? వస్తానన్నాను.

ఫోన్ పక్కన పెట్టాను. ఆ తల్లి నాకు కనబడలేదు. ఏ రోజూ కనబడలేదు. ఆ చోట పాము లేదు, పుట్టా లేదు. ఒక పూలతీగ ఉండేది. అది మా పిన్నిది, ఈ తమ్ముడి తల్లిది. దాన్ని చంపింది నేను. చేత్తో చంపలేదు, నోటితో చంపాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లకేం తెలుసని మీరు అనొచ్చు. నాకు అన్నీ తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. రాయడం కూడా పిరికితనమేనేమో, ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి.

మా ఊరు రాజోలుకి దగ్గరే. ఇంట్లో మామ్మ, అమ్మా నాన్నా, బాబాయి, నేను. వెనక పెద్ద పెరడు. నుయ్యి, పశువుల సావిడి, ఒక మూల కాయలు ఒలిచిన కొబ్బరి డొక్కల పోగు. పొద్దున్నే ఆ డొక్కలతో నీళ్ళపొయ్యి రాజేసేవారు. ఆ పొగ వాసన, పచ్చిపేడ వాసన, నూతిగట్టు మీద నలుగుపిండి వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా కొబ్బరి డొక్క కాలుతున్న వాసన వస్తే నాకు స్కూలుకి ఆలస్యమైపోయినట్టే ఉంటుంది.

ఆ పెరట్లో ఏం మొలవాలో మామ్మ ఇష్టం. ఆనపపాదు, బీరపాదు, పొట్లపాదు, కంద, అరటి. తినడానికి పనికిరానిది ఏదైనా కనబడితే పీకి గేదె ముందు పడేసేది. దేవుడికని రెండు మందార మొక్కలు మాత్రం బతికి ఉండేవి.

అలాంటి ఇంటికి పిన్ని కాపరానికి వచ్చింది. వాళ్ళది కపిలేశ్వరపురం అవతల, గోదావరి నడుమ ఉన్న లంక. సారె బిందెలూ పళ్ళేలూ ఒక్కొక్కటే దింపుతున్నారు. మినపసున్ని, చలిమిడి, అరిసెలు. పిన్ని మాత్రం ఒళ్ళో ఏదో జాగ్రత్తగా పట్టుకుని దిగింది. కొబ్బరి చిప్ప, దాని చుట్టూ తడి గోనెగుడ్డ.

"ఏవిటమ్మా అది, ఆవకాయా?" అంది మామ్మ.

"కాదండి అత్తయ్యగారూ. రాధామనోహరం కొమ్మండి. మా అమ్మ పెంచిన తీగండి."

"పూలతీగా," అని మామ్మ ఇంకేం అనలేదు. పదిమందిలో కొత్త కోడల్ని ఏమంటుంది? నేను మాత్రం ఆ గోనెగుడ్డ విప్పి చూశాను. వేలెడు పుల్ల, దానికి రెండాకులు. దీనికోసమా ఇంత అపురూపం అనుకున్నాను.

దాన్ని నాటడానికి పిన్ని మోకాలి లోతు గొయ్యి తవ్వింది. బాబాయి తవ్వుతానంటే ఒప్పుకోలేదు. అడుగున కొబ్బరి డొక్కలు వెల్లకిలా పేర్చింది. అవి నీళ్ళు పట్టి ఉంచుతాయట. వాటి మీద ఏడాది మాగిన పేడ, దాని మీద ఇసక కలిపిన మన్ను. ఎండ తగలకుండా ఒక కొబ్బరాకు అడ్డం పెట్టింది. నెల తిరిగేసరికి ఆ పుల్లకి చిగురొచ్చింది. ఆ రోజు పిన్ని నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది.

ఆ తరవాత నేను పిన్నికి తోకనైపోయాను. తీగ పని అంతా మా ఇద్దరిదే. పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు దానికే. ఆదివారం చేపలు కడిగిన నీళ్ళు, పొలుసులతో సహా దానికే. "దీనికి నీచునీళ్ళంటే ప్రాణం అమ్మడూ, మీ బాబాయిలాగే," అనేది. నన్ను అమ్మడూ అనే పిలిచేది. సరుగుడు రాటలు పాతించి, పైన వెదురు బద్దలతో పందిరి వేయించింది. కొమ్మ పైకి పాకుతుంటే అరటినార తడిపి వదులుగా ముడి వేసేది. "బిగించకూడదు. రేపు అది లావవుతుంది కదా, అప్పుడు ఊపిరాడదు," అనేది. నాకు ఆ ముడి వేయడం నేర్పింది. ఇప్పటికీ నా వేళ్ళకి ఆ ముడి వచ్చు.

పుష్యమాసం చలిలో ఒక రోజు కత్తి పట్టుకుని తీగనంతా మోకాలి ఎత్తున వదిలి పైదంతా కోసేసింది. మామ్మ లబలబలాడింది.

"పచ్చగా కళకళ్ళాడుతున్నదాన్ని అలా నరికేసేవేమ్మా. చేతులెలా వచ్చేయి?"

"పాత కొమ్మకి పువ్వు రాదండి. కొత్త చిగురుకే వస్తుందండి. కొయ్యకపోతే అడివైపోతాదండి, కిందంతా బోసిపోయి పైన ఎక్కడో పూస్తాదండి," అంది పిన్ని.

ఆవిడ చెప్పినట్టే అయింది. మరుసటి వేసంగి చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలు దిగాయి. సాయంత్రం విచ్చుకునేటప్పుడు పువ్వు తెలుపు. మర్నాటికి లేత గులాబీ. ఆ మర్నాటికి ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉండేవి. దీపాలు పెట్టే వేళకి వాసన వీధి గుమ్మం దాకా వచ్చేది. పొడుగాటి కాడలు కాబట్టి దారం అక్కర్లేకుండా జడలా అల్లేసేవాళ్ళం. అల్లినన్ని అల్లి, మిగిలినవాటి కాడ చివర కొరికి తేనె పీల్చేదాన్ని. పిన్ని చూసి, "వాటికీ కాస్త ఉంచు, తుమ్మెదలు తిట్టుకుంటాయి," అనేది. పూలు తినడానికి పనికిరావన్న మామ్మే తన నులకమంచం ఆ పందిరి కిందకి వేయించుకుంది. వచ్చినవాళ్ళందరికీ, "మా చిన్నకోడలు లంకనించి తెచ్చిందండి," అని చెప్పేది.

పిన్ని వచ్చిన మూడో ఏట శ్రావణంలో గోదావరి బాగా వచ్చింది. లంకలు మునగడం ప్రతి ఏడూ ఉన్నదే. ఆ ఏడు నీళ్ళు తగ్గాక కోత మొదలైంది. గట్టు కింద మన్ను కరిగి, పైన ఉన్నది ఉన్నట్టు జారిపోయేదట. వాళ్ళ పెరడు అలాగే పోయింది. ఒక పొద్దుటి వేళ కొబ్బరిచెట్లు, పందిరి, తీగ అన్నీ కలిసి ఏట్లోకి వెళ్ళిపోయాయి. ఇంటి వెనకగోడ కూడా వెళ్ళింది.

ఆ తరవాత నెలకి పిన్ని వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. సన్నటి మనిషి, మాట పైకి వినబడేది కాదు. కాళ్ళు కడుక్కుని నేరుగా పెరట్లోకి వెళ్ళింది. పందిరి కింద కూర్చుంది. కాఫీ ఇస్తే పక్కన పెట్టి మరిచిపోయింది. తీగ మొదలు చేత్తో పట్టుకుని, పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు అలాగే ఉండిపోయింది.

"నాది అంటూ ఇదొక్కటే మిగిలిందమ్మా," అంది పిన్నితో. "దీన్ని మటుకు చూసుకో."

"చూసుకుంటాను అమ్మా," అంది పిన్ని.

నేను పక్కనే ఉన్నాను. ఆవిడ మరిచిపోయిన కాఫీ చల్లారిపోతే నేనే తాగేశాను. ఆ మాటలన్నీ నా చెవులతో విన్నాను. ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తీగ ఏమిటో నాకు తెలియదని ఎవరూ అనుకోకుండా ఉండడానికి.

ఆ మరుసటి భాద్రపదం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ నడుం వాల్చారు. బడికి సెలవు. నాకు నిద్ర రాదు. తీగ అప్పటికి నా మణికట్టంత లావైంది. రెండు పాయలు మెలేసుకుని ఒకచోట పందిరి నించి వంపు తిరిగి కిందకి వేలాడుతూ ఉండేది. అచ్చం ఉయ్యాల. "దాని మీద మటుకు కూచోకు అమ్మడూ, చీలిపోద్ది," అని పిన్ని అంతకు ముందు రెండుసార్లు చెప్పింది. నాకు ఆవిడ వద్దన్నది అదొక్కటే.

కూర్చున్నాను. మొదట మెల్లిగా ఊగాను. బాగుంది. కాళ్ళు నేలకి తన్ని గట్టిగా ఊగాను. నాలుగో ఊపుకో అయిదో ఊపుకో పైన ఫెళ్ళుమంది. ఒక పాయ నిలువునా చీలింది. వెదురు బద్దలు, కొమ్మలు, విరగబూసిన గుత్తులు అన్నీ నా నెత్తిన పడ్డాయి. ఒక రాట కూడా ఒరిగింది.

చప్పుడికి అందరూ లేచి వచ్చేశారు. అమ్మ చేతిలో అప్పుడే చింతబరికె ఉంది, ఎక్కడ దొరికిందో. పిన్ని వెనకాల నిలబడి ఉంది. చీలిన పాయ వంకే చూస్తోంది. నేను ఆవిడ మొహం చూశాను. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. వచ్చింది మాత్రం ఇది.

"పాము. పామొచ్చింది."

అమ్మ బరికె దించేసింది. మామ్మ నన్ను కొమ్మల్లోంచి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"కరిచిందా?"

"లేదు."

"ఏ రంగుదే? గోధుమరంగా?"

"ఆయ్."

"పడగ విప్పిందా?"

"విప్పింది."

"మీదకొచ్చిందా?"

"రాలేదు."

"ఊరికే చూసిందా?"

"ఊరికే చూసింది."

"పడగ ఊపిందా, ఇలాగ?" అని మామ్మ తన చెయ్యి పడగలా పెట్టి ఊపి చూపించింది.

"ఊపింది," అన్నాను. ఊగినదాన్ని నేనే.

మామ్మ రెండు చేతులూ ఎత్తి తీగకి దణ్ణం పెట్టింది. తరవాత పిన్ని వైపు తిరిగింది. పిన్నికి పెళ్ళై నాలుగేళ్ళు. ఇంకా పిల్లల్లేరు. మామ్మ దాని గురించి ఎప్పుడూ సూటిగా అనేది కాదు గానీ, పొరుగింటివాళ్ళ కోడలికి పురుడొచ్చిందంటే ఆ పూట వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడయ్యేవి.

"చూసేవామ్మా," అంది మామ్మ. "నీ తీగలోకే వచ్చింది ఆ తల్లి. నీ కోసమే వచ్చింది. దెబ్బలు తగలనీకుండా పిల్లని కాపాడి మరీ వెళ్ళింది. ఇంక నీ కడుపు పండినట్టే."

బరికె దెబ్బలు తప్పాయని నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. దెబ్బలు తప్పడం ఒక్కటే కాదు. ఆ సాయంత్రం మామ్మ నాకు దిష్టి తీసింది. పాలకోవా పెట్టింది. పక్కవాళ్ళు వచ్చి నన్ను ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. అడిగినవాళ్ళందరికీ చెప్పాను. చెప్పిన కొద్దీ పాము పొడుగైంది. మూడో రోజుకి దాని పడగ మీద నామాలు కూడా వచ్చేశాయి. బడిలో పంతులుగారు కూడా నన్ను పిలిచి అడిగారు. అంతకు ముందు ఆయనకి నా పేరే తెలియదు. నాకు అది నచ్చింది. సిగ్గుపడాల్సిన మాట ఇదే. భయంతో అన్న అబద్ధం ఒక్క రోజుది. తరవాతివన్నీ ఇష్టంగా చెప్పినవి.

నాలుగు రోజులయ్యాక పిన్ని నూతిగట్టు దగ్గర నా జడ విప్పి తల రుద్దుతోంది. ఇద్దరమే ఉన్నాం.

"అమ్మడూ, ఒక్క మాట అడుగుతాను. నిజంగా చూసేవా?"

నేను గట్టుకి అంటిన నలుగుపిండి గోటితో గీకుతున్నాను.

"చూడకపోయినా ఏం అనను. మీ అమ్మనీ కొట్టనివ్వను. నేను నీ పక్కనే ఉంటాను."

కుంకుడు రసం కళ్ళలో పడిందని కళ్ళు మూసుకున్నాను. "ఆయ్, చూసేను," అన్నాను.

"సరేలే," అంది పిన్ని. రెండు చెంబులు నీళ్ళు పోసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

అక్కణ్ణించి తీగ పిన్నిది కాకుండా పోయింది. మామ్మ దానికి మడి కట్టింది. నీచునీళ్ళు పొయ్యకూడదు, అపచారం. బియ్యం కడుగు ఎంగిలి కింద లెక్క, అదీ వద్దు. ఇనుము తగలకూడదు కాబట్టి కత్తి పెట్టకూడదు. పిన్ని ముట్టైన రోజుల్లో పెరట్లోకే రాకూడదు. చీలిన పాయకి పేడ పూసి కడదామని పిన్ని అడిగితే, "ఆ తల్లి పాకిన చోట పేడేవిటమ్మా," అని పసుపు పూయించింది. పుట్ట లేకుండా పాలు ఎక్కడ పోస్తాం? మొదలు చుట్టూ ఎర్రమన్ను తెచ్చి నడుం ఎత్తున పుట్టలాగ పోయించారు. కార్తీకంలో నాగులచవితికి వాడంతా వచ్చింది. చెంబుల కొద్దీ పాలు, కోడిగుడ్లు, నువ్వుల చిమ్మిలి, చలిమిడి, పసుపు, కుంకుమ. అన్నీ ఆ మట్టిలోకి, ఆ మొదట్లోకి. మొదటి పాలు నాచేతే పోయించారు. కొత్త పట్టుపరికిణీ కట్టారు. చెంబు బరువుగా ఉంటే మామ్మ కింద చెయ్యి పట్టింది.

పిన్నిచేత నూటొక్క ప్రదక్షిణాలు చేయించారు. పక్కకి తిరిగినప్పుడల్లా ఆవిడ కళ్ళు ఆకుల మీదే ఉన్నాయి. ఆకులు అప్పటికే కొంచెం పసుపుపచ్చగా మారుతున్నాయి.

ఆ పాలు పులిసి వారం రోజులు పెరడంతా కంపు కొట్టింది. గండుచీమలు బారులు కట్టాయి. చిమ్మిలికి ఎలకలు వచ్చాయి. అప్పటినించి ప్రతి మంగళవారం ఎవరో ఒకరు పాలు తెచ్చేవారు. పుష్యమాసం వచ్చింది, వెళ్ళింది. కత్తి చూరులోనే ఉంది. తీగ పిన్ని చెప్పినట్టే అడివైపోయింది. వేసంగిలో పైన ఎక్కడో నాలుగు గుత్తులు వేసింది. వాసన కిందకి రాలేదు. పిన్ని ఒక్కోసారి సావిడి గుమ్మంలో నిలబడి పైకి చూసేది. నేను ఆవిడ పక్కకి వెళ్ళడం మానేశాను. వేరే పిల్లలతో ఆడుకోవడానికి వెళ్ళిపోయేదాన్ని. తోక దానంతటదే తెగింది.

ఆ వేసంగికి ముందే, మాఘంలో పిన్నికి నెల తప్పింది. ఇంక అడ్డేముంది? ఊరు ఊరంతా నాగమ్మ మహిమ అంది. వాళ్ళమ్మ లేదు కాబట్టి పురుడు మా ఇంట్లోనే పోశారు. ఆశ్వయుజంలో కొడుకు పుట్టాడు, పేరులో నాగ చేర్చారు. ఆ పురిటి నెలలోనే తీగ చివరి ఆకు కూడా రాల్చేసింది. మన్ను కప్పిన చోట మొదలు మెత్తగా కుళ్ళిపోయింది. బాబాయి చెయ్యి వేస్తే పొడి పొడిగా ఊడి వచ్చింది.

"తల్లి తీగలోంచి పుట్టలోకి దిగిపోయింది," అంది మామ్మ. దానికీ అందరూ దణ్ణం పెట్టారు.

ఎండిపోయిన కొమ్మలన్నీ నీళ్ళపొయ్యిలోకి వెళ్ళాయి. బాలింతకి స్నానానికి కాచిన నీళ్ళు వాటితోనే కాగాయి. పిన్నికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదనుకుంటాను. నేనే ఆ కట్టెలు పొయ్యిలోకి ఎగదోశాను.

తరవాత నా చదువు, పెళ్ళి, కాకినాడ కాపరం. పాత పెంకుటిల్లు పడగొట్టి తమ్ముడు పక్క స్థలంలో మేడ కట్టాడు. పుట్ట చుట్టూ గచ్చు, పైన రేకులు, ఆ తరవాత శ్లాబు వచ్చాయి. చవితికి పిన్నే మొదటి పాలు పోసేది. నేను వీలైనంత వరకు వెళ్ళేదాన్ని కాదు. వెళ్ళిన మూడు నాలుగుసార్లు ఒకటి గమనించాను. అందరూ పాలు పోసి వెళ్ళాక పిన్ని చివర్న ఒక రాగిచెంబుతో ఉత్త నీళ్ళు పోసేది. పాల జిడ్డు కడగడానికేమో అని ఊళ్ళోవాళ్ళు అనుకునేవారు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

రెండేళ్ళ కిందట పిన్ని మంచం పట్టిందంటే చూడ్డానికి వెళ్ళాను. సాయంత్రం, మేడమీద గదిలో ఇద్దరమే. బత్తాయి తొనలు వలిచి పెడుతున్నాను. ఎన్నాళ్ళనించో దాచుకున్నదాన్ని అప్పటికి బయట పెట్టాను.

"పిన్నీ, నీకో సంగతి చెప్పాలి. ఆ పాము..."

"లేదులే," అంది పిన్ని.

తొన చేతిలోనే ఉండిపోయింది. "నీకు తెలుసా?"

"ఆ వేళే తెలుసు. పామును చూసినవాళ్ళ కళ్ళు దాని వైపే పోతాయి అమ్మడూ. చెప్పేటప్పుడు కూడా అటే చూస్తా చెప్తారు. లంకలో పుట్టినదాన్ని, నాకు తెలీదా. నువ్వు ఒక్కసారైనా తీగ వైపు చూళ్ళేదు. మా మొహాల్లోకి చూసేవు, నమ్మేమా లేదా అని."

"మరి అప్పుడే అనలేదేం?"

"ఏవని అనను? పిల్లల్లేని కోడల్ని. నా కోసం వచ్చిన నాగమ్మని రాలేదని నేనే అంటే ఆ ఇంట్లో ఉండనిస్తారా? నేను చెప్పకూడదమ్మా. నువ్వు చెప్తే సరిపోయేది."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయేది అన్నట్టే అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నువ్వు పోసే నీళ్ళు?" అన్నాను.

"దానికి పాలు పడవు కదా. అడుగున ఎక్కడో ఒక వేరైనా ఉండకపోతదా అని." నా చేతిలో తొన తీసుకుంది. "వాడికి మటుకు చెప్పకు. వాడు ఆ తల్లి ఇచ్చిన బిడ్డననుకుంటాడు. అలాగే ఉండనీ."

చెప్పకు అన్న మాట ఎంత తేలిగ్గా అనిపించిందో. ఇంత బతుకు బతికీ నాకు కావలసింది అదేనన్నమాట. బరికె దించేసిన రోజు ఎలా ఊపిరి పీల్చుకున్నానో అలాగే పీల్చుకున్నాను. మిగిలిన బత్తాయి నేనే తినేశాను.

ఈ శ్రావణంలో పిన్ని పోయింది.

మొన్న చవితికి వెళ్ళాను. గుడికి ఈ మధ్యే టైల్స్ వేశారు, పుట్ట చుట్టూ స్టీలు కటకటాలు. ప్యాకెట్ పాలు, స్టీలు కేరేజీలు, గుడ్ల అట్టలు పట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరారు. నేను పిన్ని రాగిచెంబు అడిగి తీసుకుని, దాన్నిండా నీళ్ళు నింపుకుని వెళ్ళాను. మొదట నీళ్ళే పొయ్యాలని ముందే అనుకున్నాను. మైకులో తమ్ముడు నా గురించి చెబుతుండగా వంగి ఆ నీళ్ళు పోశాను. మట్టి గబుక్కున పీల్చుకుంది.

"అక్కా, పాలు," అని తమ్ముడు గిన్నె అందించాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. వాళ్ళమ్మ గుర్తొచ్చినట్టుంది. నీళ్ళు పోసిన చోటే పాలూ పోశాను.

పక్కకి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. తమ్ముడి మనవరాలు చేతిలో చిమ్మిలి ఉండతో నా దగ్గరికి వచ్చింది. దానికీ ఎనిమిదేళ్ళే. మైకు ఆగింది. మా చుట్టూ ఎవరూ లేరు.

"మామ్మగారూ, నిజంగా చూసేరా అండీ?" అంది.

ఈసారి కొట్టేవాళ్ళు లేరు. వద్దన్న పిన్ని కూడా తమ్ముడికి చెప్పొద్దంది గానీ ఈ పిల్లకి చెప్పొద్దనలేదు. ఇక్కడ ఒక పూలతీగ ఉండేదమ్మా, మీ తాతమ్మ లంకనించి కొబ్బరి చిప్పలో తెచ్చింది, సాయంత్రం తెల్లగా పూసి మర్నాటికి గులాబీ అయ్యేది అని చెబితే చాలు. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి.

"ఆయ్, చూసేనమ్మా," అన్నాను.

ఆ పిల్ల కళ్ళింత చేసుకుని పుట్ట వైపు చూసింది. నేను అటు చూడలేదు. నమ్మిందా లేదా అని దాని మొహంలోకే చూస్తూ కూర్చున్నాను.